మూడు వందల నలభై మాటలు

కంపెనీవాళ్లు ముందు ఖాళీ పెట్టె పంపారు. లోపల రెండు నురగ దిమ్మలు, వాటి మధ్య లాప్‌టాప్ పట్టేంత చోటు, ఒక అంటించే చీటీ, నాలుగు బొమ్మలు వేసిన కాగితం. పాడైన వస్తువును ఆ చోటులో పెట్టి, టేపు వేసి, చీటీ అంటించి గుమ్మంలో ఉంచితే కొరియరు మనిషి వచ్చి పట్టుకుపోతాడట. బాగుచేసి మళ్లీ అదే గుమ్మానికి చేరుస్తారట. బాగుచేసేవాడి మొహం మనం చూడం, మన మొహం వాడు చూడడు.

"ఇదేం వైద్యంరా, రోగిని పార్సిలు కట్టి పంపడం!" అంది ఆమె తమ్ముడితో.

"ఇప్పుడన్నీ ఇంతే అక్కా. రిపేరు షాపువాడు బోర్డు పోయింది, నా వల్ల కాదన్నాడుగా. ఇంక కంపెనీయే గతి."

ఆమె పాతికేళ్లుగా పుస్తకాలు బైండింగు చేస్తోంది. పెట్టె కట్టడం ఒకరి దగ్గర నేర్చుకోవలసిన పని కాదు. కంపెనీ నురగను నమ్మలేక, తను పనిచేసే షాపు నుంచి తెచ్చిన దళసరి అట్టలు కొలిచి కోసి, నాలుగు అంచులకూ నిలబెట్టింది. లాప్‌టాప్‌ను మెత్తటి తెల్లగుడ్డలో చుట్టింది. భర్త మెడకు కట్టుకునే గుడ్డలు కుట్టగా మిగిలిన ముక్క అది.

ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. ఊరంతా ఆయన్ని మైకు అంటారు. బస్టాండులో ఇరవై ఎనిమిదేళ్లు మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎంత ఆలస్యమో చెప్పిన మనిషి. ఎనిమిది నెలల కిందట ఆపరేషను చేసి గొంతులోని మాటపెట్టెను మొత్తం తీసేశారు. ఇప్పుడు మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద తెల్లగుడ్డ, ఊపిరి అందులోంచే. మాట పోయింది గానీ ఊళ్లో పేరు మాత్రం మైకుగానే ఉండిపోయింది. ఊరికి జాలి లేక కాదు, అలవాటైపోయి.

ఆ పోయిన మాట లాప్‌టాప్‌లో ఉంది. ఆపరేషనుకు ముందు నాలుగు రోజులు తమ్ముడు బావను గదిలో కూర్చోబెట్టి, కిటికీలకు దుప్పట్లు కట్టి, మూడు వందల నలభై మాటలు పలికించి దాచాడు. ఒక్కో మాటకు ఒక్కో అంకె. అంకె నొక్కితే చాలు, ఆయన గొంతే పలుకుతుంది. ఏ అంకె ఏ మాటో ఆమె కాగితాల మీద రాసి, తనే కుట్టి, నీలం కాలికో గుడ్డ అట్ట వేసి పుస్తకం చేసింది. ఒకటి, ఏమోయ్. పదిహేడు, టీ పెట్టు. నలభై రెండు, నా కళ్లద్దాలు ఎక్కడ పెట్టావ్. నూట తొమ్మిది బావమరిది కోసం ప్రత్యేకంగా చెప్పింది: వచ్చాడండీ మహానుభావుడు, తలుపులు వెయ్యండి.

పోయిన ఆదివారం ఆమె లాప్‌టాప్‌ను వంటింటి గట్టు మీద నుంచి జారవిడిచింది. అంచు మీద పడింది. అంతే, ఎన్ని మీటలు నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"వేరేచోట కూడా దాచి పెట్టరా అని ఎన్నిసార్లు అన్నాను?"

"దాద్దామనే అనుకున్నానక్కా. రేపు రేపు అంటూ..." తమ్ముడు తల దించుకున్నాడు. "రికార్డు చేసిన ఫోను కూడా మార్చేశాను."

పడేసిన చెయ్యి తనదయినప్పుడు ఎవర్ని ఏమంటుంది!

తమ్ముడు ఫోనులో కంపెనీ ఫారం నింపడం మొదలుపెట్టాడు. "లోపలున్నవి చెరిపెయ్యొచ్చా అని అడుగుతున్నాడు."

"చెరిపితే ఊరుకోనని రాయి."

"అలా రాయడానికి లేదు. అవును, కాదు. రెండే."

"కాదు. గట్టిగా నొక్కు."

"గట్టిగా నొక్కితే ఫోను పగులుతుంది. మాట్లాడాల్సిన నంబరు ఎవరిది ఇమ్మంటావ్? నీదేనా?"

"నాది వద్దురా. షాపులో కట్టింగు మిషను మోతలో ఫోను మోగినా తెలియదు. మీ బావది ఇయ్యి."

"బావెలా మాట్లాడతాడు..." అని నాలిక్కరుచుకున్నాడు.

"మెసేజులే వస్తాయన్నావుగా. చదవడానికి కళ్లున్నాయి. ఏమండీ, వస్తే నాకు చూపిస్తారా?"

ఆయన తల ఊపాడు.

మూత వేసేముందు ఆమె ఒక చీటీ రాసి లాప్‌టాప్ పైన అతికించింది. 'దీంట్లో మా ఆయన గొంతు ఉంది. ఆయన బతికే ఉన్నారు, గొంతే లేదు. ఏం చేసినా సరే, చెరపొద్దు. మీకు పుణ్యముంటుంది.' ఆయన లేచి వచ్చి, వంగి ఆ చీటీ చదివాడు. చాలాసేపు చదివాడు, నాలుగు ముక్కలకు అంతసేపు అక్కర్లేదు. తరువాత స్నానాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. లోపల కుళాయి ధారగా పడటం మొదలైంది.

"మళ్లీ మొదలు," అంది ఆమె టేపు లాగుతూ. "పూట పూటకీ అరగంట. నీళ్లన్నీ పారబోసి ఏం చేస్తారో మరి. ఒకరోజు చేపలా ఈదుకుంటూ బయటికొస్తారు చూడు."

*

పెట్టె వెళ్లిన మర్నాటి నుంచి ఇల్లు మరీ చిన్నబోయింది.

ఆపరేషను అయిన కొత్తలో కూడా ఆమెకు ఇలా అనిపించలేదు. అప్పుడు ఆస్పత్రి, మందులు, గుడ్డలు మార్చడం, రంధ్రంలోకి నీళ్లు పోకుండా చూసుకోవడం. ఆ తరువాత ఆ లాప్‌టాప్ పెట్టె మాట్లాడటం మొదలుపెట్టింది. ఆమె షాపు నుంచి వచ్చి కాళ్లు కడుక్కోగానే దాన్ని తీసుకుని వంటింట్లోకి వెళ్లేది. కూర తరుగుతూ చిటికెన వేలితో అంకెలు నొక్కేది. "టీ పెట్టు" అనేది పెట్టె. "ఇప్పుడేం టీ, భోజనాల వేళకి!" అనేది తను. "నా కళ్లద్దాలు ఎక్కడ పెట్టావ్" అనేది. "నెత్తి మీద చూసుకోండి," అని నవ్వేది. ముందు గదిలో ఆయన టీవీ చూస్తూ ఉండేవాడు, లోపల ఆమె ఆయనతో మాట్లాడుతూ ఉండేది.

ఇప్పుడు గట్టు మీద ఆ చోటు ఖాళీగా ఉంది. అక్కడ గిన్నె కూడా పెట్టబుద్ధి కాలేదు.

షాపులో ఆ వారమంతా ఒక కాలేజీ వాళ్ల రిజిస్టర్లు. మడిచిన కాగితాలను దస్తాలుగా పేర్చి, వెన్ను దగ్గర దబ్బనంతో రంధ్రాలు పొడిచి, మైనం రుద్దిన దారంతో కుట్టాలి. ఒక దస్తా, దాని మీద ఇంకో దస్తా, ముడి. తరువాత వెన్నుకు జిగురు రాసి, గుడ్డపట్టీ అంటించి, బరువు కింద ఆరబెట్టాలి. జిగురు తడి ఆరకముందే తెరిస్తే పుస్తకం జీవితాంతం వంకరే. ఆమె చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే, మనసు మాత్రం ఎక్కడో ఒక బల్ల మీద విప్పి పెట్టిన యంత్రం దగ్గర కాపలా కాస్తోంది.

ఇంటికి రాగానే అదే ప్రశ్న. "మెసేజేమైనా వచ్చిందా?"

ఆయన తల అడ్డంగా ఊపేవాడు. చిన్నపిల్లల పలక ఒకటి, బలపం ముక్క ఒకటి చేత పట్టుకుని తిరుగుతున్నాడు. 'అన్నం తిన్నాను.' 'గ్యాసువాడు వచ్చాడు.' 'రేపు ఆస్పత్రి, మాట పంతులమ్మ రమ్మంది.' ఆస్పత్రిలో మాట నేర్పే అమ్మాయికి ఆయన పెట్టిన పేరది. గాలి మింగి, దాన్నే తేన్పులా పైకి తెచ్చి, పెదాలతో నాలుకతో మాటగా విరగ్గొట్టాలని ఆ అమ్మాయి మొదట్లో ఏదో చెప్పింది. ఆమె ఆ మాట చెవిన వేసుకోలేదు. నిక్షేపంలాంటి గొంతు ఇంట్లో పెట్టుకుని తేన్పులు దేనికి?

గురువారం సాయంత్రం ఆమె పప్పు కడుగుతుంటే ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పలక తెచ్చుకోలేదు. గుమ్మం పట్టుకుని, గడ్డం కిందికి నొక్కి, నోరు తెరిచాడు. కడుపులోంచి ఏదో గరగరమని చప్పుడొచ్చింది.

"కడుపు బాలేదా?" అంది ఆమె వెనక్కి తిరక్కుండానే. "మధ్యాహ్నం ఏం తిన్నారు? అలమార్లో మందుంది, రెండు చెంచాలు తాగండి."

ఆయన కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. అలమార తెరిచిన చప్పుడేమీ రాలేదు. ఆమె ఆ సంగతి పట్టించుకోలేదు.

*

ఎనిమిదో రోజున పెట్టె తిరిగి వచ్చింది. ఆదివారం కావడంతో తమ్ముడు కూడా ఉన్నాడు.

తెరవగానే ఆమెకు సంతోషమేసింది. తను కోసి పెట్టిన అట్టముక్కలు ఎక్కడివక్కడ, ఏ వైపుది ఆ వైపే నిలబెట్టి ఉన్నాయి. తెల్లగుడ్డ మడత పెట్టి ఉంది. చీటీని ఒక పలచటి కవరులో పెట్టి భద్రంగా పంపారు. 'పని తెలిసిన మనిషి చేతిలో పడింది' అనుకుంది. లాప్‌టాప్ పగిలిన అంచు కూడా మారి, కొన్ననాటిలా మెరుస్తోంది.

తమ్ముడు మీట నొక్కాడు. వెలిగింది. వాడి మొహం మాత్రం వెలగలేదు. అటు నొక్కాడు, ఇటు నొక్కాడు, మళ్లీ మొదటికి వచ్చాడు.

"ఏంట్రా?"

"ఉండక్కా."

"ఏంట్రా అంటే!"

"ఏమీ లేదక్కా. ఖాళీ."

పెట్టె అడుగున ముద్రించిన కాగితం ఉంది. బోర్డు మార్చాం. స్టోరేజి మార్చాం. పన్నెండు పరీక్షలూ చేశాం, అన్నీ సరిగా ఉన్నాయి. పన్నెండింటి పక్కనా పన్నెండు టిక్కులు. ఆమె ఆ కాగితాన్ని ఇటు చదివి, తిప్పి వెనకవైపు కూడా చూసింది. వెనక ఏమీ లేదు. నీలం పుస్తకం తెచ్చి ఒళ్లో పెట్టుకుని, పదిహేడు నొక్కింది. ఒకటి నొక్కింది. నలభై రెండు నొక్కింది. తెర మీద అంకెలు పడ్డాయి, అంతే. అప్పుడు ఏడ్చింది. ఆపరేషను గది బయట కూడా అలా ఏడవలేదు. అప్పుడు మనిషి దక్కితే చాలనుకుంది, గొంతు ఎలాగూ ఇంట్లో ఉందనే ధైర్యం ఉంది. ఇప్పుడు ఏ ధైర్యమూ లేదు.

కంపెనీ నంబరుకు తన ఫోను నుంచే చేసింది. తేనె పూసిన గొంతుతో ఒక అమ్మాయి పలికింది.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామండీ."

"అసౌకర్యమా? అసౌకర్యమంటే కుళాయి రాకపోవడం. మా ఆయన గొంతు చెరిపేశారు మీరు!"

అమ్మాయి ఒక నిమిషం ఆగి, మీ ఫారం చూస్తున్నానండీ అంది. "నిజమేనండీ. చెరపవద్దు అనే ఉంది ఫారంలో. ఇది మా వైపు పొరపాటు. పని చేసిన టెక్నీషియన్‌ను విచారణ అయ్యేదాకా పని నుంచి పక్కన పెడతాం."

"నా గొంతు సంగతి చెప్పు తల్లీ. పాత ముక్క ఎక్కడుంది? దాన్నే పంపండి, పాడైందే పంపండి."

"మార్చిన భాగాలను ఏ రోజువి ఆ రోజే నలిపేస్తామండీ. రూలు."

ఆమె ఒళ్లు మండిపోయింది. "పక్కన పెట్టడం కాదు, మళ్లీ బల్ల దగ్గరికి రానివ్వకండి! ఆ పని చేసిన చేతులు పడిపోను!" అంది. ఆమె ఎవర్నీ అలా తిట్టి ఎరగదు. తమ్ముడు భయపడి భుజం పట్టుకున్నాడు.

ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయి ఉంది. గొంతు పోయినందుకే అనుకుంది ఆమె. ఆయన వెళ్లి స్నానాల గది తలుపు వేసుకున్నాడు. ఈసారి కుళాయి చప్పుడు కూడా లేదు.

*

మంగళవారం షాపులో రిజిస్టర్లకు అట్టలు వేస్తుండగా ఫోను మోగింది. మిషను ఆగి ఉండబట్టి వినపడింది. తెలియని నంబరు. జిగురు చేతులు కొంగుకు తుడుచుకుని మెట్ల మీదికి వెళ్లింది.

"అమ్మా, మీ లాప్‌టాప్ విప్పింది నేనే." ఆడమనిషి. తన వయసే ఉంటుంది. "ఫిర్యాదులో మీ నంబరు చూశాను. మీకు నేను ఫోను చెయ్యకూడదు. చేశానని తెలిస్తే ఇంకా పెద్ద తప్పు. అయినా చేస్తున్నాను."

తిడదామంటే ఎదుటి గొంతు వణుకుతోంది.

"మీ చీటీ చదివానమ్మా. చదివాకే మూడు రోజులు పక్కన పెట్టాను. రోజుకు పద్నాలుగు విప్పాలి మేము. ఒక్కటి ఆపినా పేరు పక్కన ఎర్రగీత పడుతుంది. పడితే పడిందనుకున్నాను. ఆ అట్టముక్కలు కోసింది మీరేనా? గీత గీసినట్టు ఉన్నాయి."

"నేనే."

"అనుకున్నాను. చేతిపని చేసే ఇల్లని."

"మరి ఎందుకు చెరిపావమ్మా?" అంది ఆమె. కోపంగా అనబోయింది గానీ, బతిమాలినట్టు వచ్చింది.

"స్టోరేజి దెబ్బతింది. మారిస్తే ఉన్నవన్నీ పోతాయి. ఇంకో విభాగానికి పంపితే వాళ్లు తీస్తారు, మూడు వారాలు పడుతుంది. ఏం చెయ్యమంటారని మీరిచ్చిన నంబరుకు మెసేజు పెట్టాను. మార్చెయ్యండి అని జవాబొచ్చింది. నాకు మనసొప్పలేదు. లోపల గొంతుందని చీటీ ఉంది, మళ్లీ ఆలోచించుకోండి అని ఇంకోటి పెట్టాను. దానికీ జవాబొచ్చింది. చదవమంటారా?"

"చదువు."

"'ఆ గొంతు నాదే. నాకు అక్కర్లేదు. చెరిపెయ్యండి.'"

ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. వేళ్ల మీద జిగురు ఆరి చర్మాన్ని లాగుతోంది.

"ఫారంలో కాదు అని ఉంటే, ఫారం మార్పించాకే ముట్టుకోవాలి. మెసేజు చెల్లదు. గొంతుగలాయనే స్వయంగా చెప్పాడు కదా, ఇంకా ఫారమేమిటి అనుకున్నాను. అదే నా తప్పు," అంది అవతలి మనిషి. "పదకొండేళ్లు ఆ బల్ల దగ్గర పని చేశానమ్మా. వేరే పని రాదు నాకు. ఆ మాట చెప్పింది మేమే అని మీరు ఒక్క ముక్క రాస్తే..."

"రాస్తాను," అంది ఆమె. తరువాత, "మొన్న నేను మిమ్మల్ని..." అని ఆగిపోయింది. చేతులు పడిపోవాలన్న సంగతి ఆ మనిషి దాకా వెళ్లిందో లేదో తెలియదు. వెళ్లకపోతే చెప్పడం దేనికి? వెళ్లి ఉంటే ఏ మొహంతో చెప్పడం?

*

ఇంటికి వెళ్లేసరికి ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆమె సంచీ కూడా దించలేదు.

"మూడు వారాలు ఆగితే గొంతు దక్కేదట. మీకు తెలుసా?"

ఆయన ఆమె వైపు చూశాడు. తల ఊపాడు.

"తెలిసే చెరపమన్నారా?"

తల ఊపాడు.

"మెసేజు రాలేదని రోజూ తల అడ్డంగా ఊపారు. నేను ఆ ఫోనులో శాపనార్థాలు పెడుతుంటే గుమ్మంలో నిలబడి విన్నారు. ఒక ఆడమనిషి పని పోతుంటే నోరు మెదప..." అని, అన్న మాట అర్థమై ఆగిపోయింది. నోరు మెదపలేదని ఆయన్ని ఎవరంటారు!

"ఎందుకండీ?" అంది.

ఆయన పలక తీసుకున్నాడు. మొదటి అక్షరం రెండుసార్లు దిద్దాడు. రాసి, ఆమె వైపు తిప్పాడు.

'నువ్వు దాన్ని వంటింట్లోకి తీసుకెళ్లేదానివి. నన్ను కాదు.'

ఆమె చదివింది. గట్టు మీద పెట్టె, ముందు గదిలో టీవీ, తన నవ్వు. ఆయన అక్కడ కూర్చుని అంతా వింటున్నాడని ఒక్కరోజూ తోచలేదు. టీవీ చూస్తున్నాడనే అనుకుంది.

"ఆ మాట నాతో చెప్పొచ్చుగా!"

ఆయన అరచేత్తో చెరిపి మళ్లీ రాశాడు. 'ఆ మూడు వందల నలభైలో ఈ మాట లేదు.'

తప్పు తనదేనని ఆమెకు తెలుస్తూనే ఉంది. తెలిసినా కోపం చావలేదు. "ఆ గొంతు మీ ఒక్కరిదే అనుకున్నారా?" అంది. "మీరు పలికారు అంతే. ముప్పై ఏళ్లు విన్నది నేను. నా వాటా నన్నడక్కుండా ఎలా చెరిపారు?"

ఆయన బలపం పలక మీద ఆన్చి అలాగే ఉండిపోయాడు.

తమ్ముణ్ణి పిలవలేదు. ఆమే కంపెనీకి ఫోను చేసింది. తేనె గొంతు అమ్మాయి అంతా విని, ఫారంలో ఇచ్చిన నంబరు నుంచి మెసేజు రావాలండీ, మీరు చెబితే చెల్లదు అంది. ఆమె ఫోను పెట్టేసి ఆయన ముందు నిలబడింది. ఆయన జేబులోంచి తన ఫోను తీసి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు. పంపేముందు ఆమెకు చూపించాడు. 'ఆమె తప్పేమీ లేదు. చెరపమన్నది నేనే. మా ఇంట్లో వాళ్లకు చెప్పలేదు. ఆమెను పనిలోకి తీసుకోండి.' చివర పేరు రాసి, దాని పక్కన 'మైకు' అని కూడా రాశాడు, కంపెనీవాళ్లకు ఆ పేరు తెలిసినట్టు.

వెంటనే జవాబొచ్చింది. మీ సందేశం అందింది. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది.

ఆ రాత్రి వాళ్లు ఒకే బల్ల దగ్గర తిన్నారు.

*

గురువారం మధ్యాహ్నం ఆమె ఫోనులో, లాప్‌టాప్ విప్పిన మనిషి నుంచి చిన్న మెసేజు. 'రమ్మన్నారమ్మా. బల్ల దగ్గరికి కాదు, ప్యాకింగు దగ్గరికి. అట్టలు కొయ్యడం నేర్చుకుంటున్నాను.' సరదాకే రాసినట్టుంది. ఆమెకు నవ్వు రాలేదు. పదకొండేళ్లు అంత నాజూకు పని చేసిన చేతులకు టేపు చుట్ట ఇచ్చారు, తన మొగుడు మెసేజు దాచినందుకు, తను వంటింట్లో పెట్టెతో కాపురం చేసినందుకు.

రిజిస్టర్లు అయిపోవడంతో షాపు యజమాని తొందరగా పంపేశాడు. ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల కుళాయి ధారగా పడుతోంది. అలవాటు కొద్దీ అరవబోయి ఆగింది. చెప్పులు విడిచి, సంచీ భుజానే ఉంచుకుని, స్నానాల గది తలుపు పక్కన నిలబడింది.

నీళ్ల చప్పుడు కింద ఇంకో చప్పుడుంది. గుటక వేసినట్టు ఒకటి, వెంటనే గరగరమని ఒకటి. ప. కాసేపు ఏమీ లేదు. గుటక. ప. ప. ట. తరువాత దగ్గు తెర. మళ్లీ గుటక. ట.

ఇన్ని నెలలు. పూటకు అరగంట. చేప అంది తను. గుమ్మంలో నిలబడి నోరు తెరిస్తే, మందు తాగమంది. ఆమె గోడకు ఆనుకుంది. తలుపు తట్టలేదు.

ఆయన బయటికి వచ్చేసరికి ఆమె మంచం మీద నీలం పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ పుస్తకం ఇంక దేనికీ పనికిరాదు. ఏ అంకె నొక్కినా ఏమీ పలకదు. అయినా పుస్తకాన్ని చింపడం ఆమె చేతులకు తెలియని పని. ఆయన ఆమెను, పుస్తకాన్ని చూసి, తడి లేని తన చేతులను చూసుకుని, దొంగలా నిలబడ్డాడు.

ఆమె పేజీ తిప్పింది. వేలు ఒకచోట ఆనించి, "పదిహేడు," అంది.

ఆయనకు అర్థం కాలేదు. పలక కోసం చూశాడు.

"పలక వద్దు. పదిహేడు."

ఆయన మంచం కోడు పట్టుకున్నాడు. గడ్డం కిందికి నొక్కాడు, గాలి మింగాడు. మెడ మీద గుడ్డ ఎగిరిపడింది. వచ్చింది ఒక చప్పుడు, తుప్పు పట్టిన తలుపు తీసినట్టు. 'టీ పెట్టు'లోని ట అందులో ఉందో లేదో. ఆమె కళ్లు మూసుకుని వింది. బస్టాండు అంతా మోగిన గొంతు కోసం, చీకట్లో పక్క నుంచి గుసగుసలాడిన గొంతు కోసం అందులో వెతికింది. ఎక్కడా దొరకలేదు. అది ఆయన గొంతు కాదు, ఎప్పటికీ కాదు. పోయినది పోయినట్టే. ఆ సంగతి ఆమెకు అప్పుడు పూర్తిగా తెలిసింది. ఆమె కళ్లు తుడుచుకుంది.

ఆయన ఆమె మొహం చూసి, ఇంక చాలన్నట్టు వెనక్కి తిరిగాడు.

"ఎక్కడికి?" అంది. లేచి వంటింట్లోకి నడిచింది. గట్టు మీద ఇన్నాళ్లూ పెట్టె ఉన్న చోటు ఎదురుగా పీట వాల్చింది. "ఇక్కడికి రండి. ఆ గదిలోంచి చెబితే నాకు వినపడదు."

ఆయన వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఆమె గిన్నెలో రెండు కప్పుల నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది. ఆయన మళ్లీ మళ్లీ గాలి మింగాడు. ఏదో అన్నాడు. నీళ్లు అప్పటికే సలసలమంటున్నాయి, ఆ చప్పుడులో మాట కలిసిపోయింది.

ఆమె పొయ్యి ఆర్పేసి, ఆయన వైపు తిరిగి, "మళ్లీ అనండి," అంది.